మందునకు చిరునామా



1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిననాడు దాని చుట్టును బండరాళ్లును ముళ్లపొదలును తప్ప చెప్పుకొనదగినది పెద్దగా లేకుండెను. నేడు ఆ గుండ్రని భవనము మొదలుకొని గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దాల మేడలు బారులు దీరి, పగలనక రాత్రియనక పనిచేయు యువజనులతో క్రిక్కిరిసియున్న ఆ హైటెక్ సిటీకి కంప్యూటర్లతో గల చుట్టరికమే లోకమునకు తెలిసినది కాని, మందులతో గల చుట్టరికము అంతగా తెలిసినట్లు లేదు. రాయదుర్గమునందలి నాలెడ్జ్ సిటీలో అరబిందో ఫార్మావారి ప్రధాన కార్యాలయమున్నది; స్విట్జర్లాండు దేశపు నోవార్టిస్ సంస్థ ఇచ్చటనే వేలమందిచే పని చేయించుకొనుచున్నది; అమెరికాకు చెందిన ఆంజెన్ సంస్థ 2025 ఫిబ్రవరిలో తన కేంద్రమును ఇచ్చట తెరచినది. ఎక్కడో సముద్రముల కావల ఒక వృద్ధురాలు మాత్ర మ్రింగిన పిమ్మట ఒళ్లంతయు దద్దుర్లు లేచినవని వ్రాసికొన్న ఫిర్యాదును, ఇచ్చట అర్ధరాత్రి కాఫీ త్రాగుచు మన పిల్లలు చదివి, వర్గీకరించి, నివేదిక వ్రాసి, ఆ దేశపు ఔషధాధికారులకు పంపుచున్నారు. పరదేశపు లైసెన్సు నిబంధనలను కంఠస్థము చేసిన ఆ పిల్లవాడే, డ్యూటీ ముగించుకొని క్రిందికి దిగి, మూలమలుపునందలి మెడికల్ షాపునకు పోయి "అన్నా, జ్వరము వచ్చినది, ఏదైన మాత్ర ఇయ్యి" అని చేయి చాచునప్పుడు, ఆ షాపు గోడకు వ్రేలాడుచున్న చట్రములలోని కాగితములు ఏమి చెప్పుచున్నవో తల యెత్తి చూడడు. ఆ కాగితములను గూర్చియే నేటి నా ప్రసంగము.

లైసెన్సనగా రుసుము పుచ్చుకొని సర్కారువారు దయచేయు ముద్ర గల కాగితమని మనలో పెక్కుమంది తలంపు. కిరాయి ఆటోకు, సినిమాహాలుకు, చేపలచెరువునకు ఉన్నట్లే దీనికిని ఒకటి యున్నది కాబోలునని సరిపుచ్చుకొందుము. కాని మందుల లైసెన్సును కొంచెము నిదానించి చదివినచో, అది ప్రధానముగ రెండు ప్రశ్నలకు సమాధానమని తెలియును: ఈ మందు ఏ చోటున ఉన్నది? ఆ చోటున దీనికి జవాబు చెప్పవలసిన మనిషి యెవరు? తయారీకైనను అమ్మకమునకైనను చట్టము ఊరు, వీధి, గది, గోడ, పేరు అడుగును. ఊరును వీధియు లేకుండ ఫోనులోనుండి వస్తువులు పుట్టుకొని వచ్చు ఈ సైబరాబాద్‌లో ఆ పాతకాలపు ప్రశ్నలు కొంత విడ్డూరముగ వినిపించవచ్చును; నా మట్టుకు నాకవి నానాటికి మరింత అవసరమగుచున్నవని తోచుచున్నది.

ఈ నిర్బంధములు ఎవరో పనిలేని గుమాస్తా కల్పించినవి గావు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట విదేశములనుండి నాసిరకపు మందులు మన రేవులలో దిగి, చలిజ్వరమునకు ఏకైక శరణ్యమైన క్వినైను సైతము కల్తీ యగుచుండగా, అడుగువాడు లేని ఆ స్థితిని చూచి శాసనసభలలో అలజడి చెలరేగెను. అంతట ప్రభుత్వము 1930లో కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘమును నియమించగా, ఆ సంఘము మరుసటి యేడు నివేదిక సమర్పించెను. క్వినైను ముచ్చట మన నగరమునకు పరాయిది కాదు: దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది, నేటి హైటెక్ సిటీకి కొద్ది మైళ్ల దూరములోనున్న బేగంపేటయందే. నివేదిక వచ్చిన తొమ్మిదేండ్లకు, అనగా 1940లో, ఔషధ చట్టము పుట్టినది. 1945 డిసెంబరులో దాని నియమావళి వెలువడినది. మందు చేతికందించువాడు చదువుకొన్నవాడై, రిజిస్టరులో పేరు గలవాడై యుండవలెనని 1948 నాటి ఫార్మసీ చట్టము శాసించినది. ఈ మూడింటి మీదనే నేటికిని మన మందుల వ్యాపారమంతయు నిలిచియున్నది. కొత్త మందులకు అనుమతి, విదేశీయౌషధముల దిగుమతి కేంద్రము చేతిలోనుండగా, తయారీ లైసెన్సును, అమ్మకపు లైసెన్సును ఇచ్చు బాధ్యత మిక్కిలిగా రాష్ట్రముల పాలిటిది. తెలంగాణలో ఆ పని చేయునది వెంగళరావునగర్‌లో కార్యాలయము గల ఔషధ నియంత్రణ పరిపాలన సంస్థ. జనులు దానిని డీసీఏ యందురు.

ఇక ఆ గోడ దగ్గరకు వత్తము. చిల్లరగ మందులమ్ము షాపులో సాధారణముగ రెండు లైసెన్సులు కనిపించును. ఒకటి 20వ ఫారము. మామూలు మాత్రలు, సిరపులు, పూతమందుల కొరకు. రెండవది 21వ ఫారము. ఇన్సులిన్, టీకాలు, సీరములు మున్నగు జీవసంబంధమైన మందుల కొరకు. హోల్‌సేలు వ్యాపారికైనచో ఈ సంఖ్యల చివర 'బి' చేరును; కోఠిలో పెట్టెలకు పెట్టెలు మందులు దింపి ఎత్తించు వ్యాపారులు ఆ కోవకు చెందినవారు. వీటిని అందరికిని కనబడుచోట వ్రేలాడదీయవలెననునది లైసెన్సులోని మొదటి షరతు. షాపు వైశాల్యము పది చదరపు మీటర్లకు తగ్గరాదు. చిల్లరయు టోకు వ్యాపారమును రెండును ఒకేచోట చేయుచో పదునైదు. ఫ్రిజ్ ఉండవలెను. దరఖాస్తు రుసుము ఒక్కొక్క లైసెన్సుకు 1,500 రూపాయలు. మాదాపూర్‌లో అద్దెలు తెలిసినవారికి ఈ మొత్తము నవ్వు పుట్టించును. 2017 నుండి లైసెన్సునకు కాలపరిమితి తొలగించబడి, అయిదేండ్లకొకసారి రుసుము చెల్లించుచున్నంతకాలము, రద్దు కానంతవరకు, అది చెల్లుబాటగుచున్నది. భాగస్వాములు మారి సంస్థ స్వరూపము మారినదేని మూడు నెలలలోపల కొత్త లైసెన్సు తెచ్చుకొనవలెను; ఎందుకనగా జవాబుదారి మారినాడు గదా.

అన్నిటికంటె నేను గమనింపదగినదిగా తలంచునది 62వ నియమము. ఒక వ్యాపారి ఒకటికంటె నెక్కువ చోటుల మందులు నిలువ చేసినను, అమ్మినను, ఒక్కొక్క చోటునకు వేర్వేరుగ దరఖాస్తు పెట్టి వేర్వేరుగ లైసెన్సు పొందవలెనని అది చెప్పుచున్నది. వేయి దుకాణములు గల గొలుసు సంస్థయైనను వేయి లైసెన్సులు తీసికొనవలసినదే. కొండాపూర్ షాపు లైసెన్సు కొత్తగూడ షాపుకు పనికిరాదు. నేడు వీధుల లోపల బోర్డు లేని గోదాములు పెట్టి, పది నిమిషములలో సరుకు ఇంటికి చేర్చెదమను సంస్థలు పెరిగిన ఈ ప్రాంతమున, పాలపాకెట్ల ప్రక్క అరలోనే మందులు పెట్టదలచినచో ఆ గోదాము సైతము ఈ నియమమునకు తలయొగ్గవలెను.

ఇచ్చట ఒక వింత చెప్పవలసియున్నది. వేయిమందికి మించని జనాభా గల పల్లెలో కిరాణాకొట్టువాడు పారాసిటమాల్ మాత్ర, ఆస్పిరిన్, తలనొప్పి బామ్, గ్రైప్ వాటర్, ఆముదము, నీలగిరి తైలము మొదలగు కొన్ని గృహచికిత్సా ద్రవ్యములను లైసెన్సు లేకయే అమ్ముకొనవచ్చునని నియమావళిలోని కె-షెడ్యూలు మినహాయింపు ఇచ్చుచున్నది. మైళ్ల కొలది నడచినగాని మందుల షాపు దొరకని పల్లెల దుఃస్థితిని తలచి చేసిన యేర్పాటది. మాదాపూర్ కూడ ఒకప్పుడు పల్లెయే. నేడు ఆ మాదాపూర్‌లో, చుట్టును నాలుగు మందుల షాపులుండగా, కిరాణాకొట్టులో కౌంటరు మీది సీసాలో చాక్లెట్ల ప్రక్కన జ్వరమాత్రలు పెట్టి అమ్మువాడు నిస్సంశయముగ నేరము చేయుచున్నాడు. ఆ సంగతి అతనికిని తెలియదు, కొనువారికిని తెలియదు.

గోడమీది మూడవ కాగితము ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. దీనిని గూర్చి మాత్రము కొంచెము కటువుగ మాటలాడక తప్పదు. వైద్యుని చీటీమీద ఇచ్చు ప్రతి మందును రిజిస్టరైన ఫార్మసిస్టు స్వయముగ గాని, అతని పర్యవేక్షణలో గాని ఇయ్యవలెనని 65వ నియమము. ఆచరణలో తెలుగునాట ఊరూర జరుగుచున్నదేమి? సర్టిఫికెట్ గోడమీదనుండును, మనిషి మరియొకచోట నుండును. ఏడాదికింతయని అద్దె పుచ్చుకొని సర్టిఫికెట్ ఇచ్చి, తాను ఏ కంపెనీలోనో ఉద్యోగము చేసికొనువారున్నారని మందుల వ్యాపారములోనున్న ఎవ్వరినడిగినను చెప్పుదురు. అద్దెకిచ్చినవాడు కాగితమును మాత్రమే ఇచ్చుచున్నాననుకొనును. నిజమునకు తన జవాబుదారీతనమును అద్దెకిచ్చుచున్నాడు. కౌంటరు వెనుకనున్న కుర్రవాడు తెలివిగలవాడే కావచ్చును, డబ్బా యెచ్చటనున్నదో కనులు మూసికొని తీయగలవాడే కావచ్చును, కాని రక్తము పలుచనగుటకు మాత్రలు వాడుచున్న పెద్దమనిషి కీళ్లనొప్పి మాత్ర అడిగినప్పుడు ఆగి, "బాబాయిగారూ, ఇంకేమి మందులు వాడుచున్నారు?" అని ప్రశ్నించు చదువు అతనికి లేదు. ఆ ఒక్క ప్రశ్న కొరకే చట్టము అచ్చట ఒక ఫార్మసిస్టును కూర్చుండబెట్టినది. అమ్మువాడు తన యిష్టము వచ్చినట్లు మందు మార్చుటకును వీలులేదు: వైద్యుని చీటీ లేక అమ్మరాని మందుల జాబితాలైన హెచ్, ఎక్స్ షెడ్యూళ్లకు చెందిన మందును వైద్యుడు ఏది వ్రాసిన అదియే ఇయ్యవలెనుగాని, "అది లేదండి, ఇదియు అట్టిదే" యని మరియొకటి చేత పెట్టరాదు. ఈ మాట మనము రోజును వినుచున్నదే.

హైటెక్ సిటీలో రాత్రి రెండు గంటలకును వెలుగుచుండు మందుల షాపులున్నవి. అమెరికా గడియారముతో పనిచేయువానికి తెల్లవారుజామున నిద్ర రాదు. నిద్రమాత్ర కావలెనని అతడు షాపుకు వచ్చును. అల్‌ప్రజోలమ్, జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రలును, ట్రమడాల్ వంటి నొప్పి మందును, సెఫిక్సిమ్ మొదలైన పెద్దరకపు యాంటీబయాటిక్కులును, క్షయ మందులును కలిపి నలుబదియారు ఔషధములను 2013లో హెచ్-1 అను ప్రత్యేక షెడ్యూలులో చేర్చి, 2014 మార్చి 1 నుండి అమలు జరిపిరి. ఈ మందులలో ఒకదానిని అమ్మినపుడు షాపువాడు వేరుగ ఒక రిజిస్టరు తెరచి, వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణము వ్రాసి, ఆ రిజిస్టరును మూడేండ్లు భద్రపరచవలెను. మీరు నిద్రమాత్రల స్ట్రిప్పు కొన్నపుడు మీ పేరు ఏ రిజిస్టరులోను వ్రాయలేదేని, రెండిటిలో ఒకటి నిజము: ఆ రిజిస్టరే లేదు, లేక అందులో మరియొకరి పేరున్నది. రెండును మంచివి కావు.

ఇక ఫోనులో మందులు తెప్పించుకొను వ్యవహారము. ఇది ఈ ప్రాంతమునకు పుట్టువ్యాధి వంటిది. చట్టము వ్రాసిన 1940లో టెలిఫోనే అపురూపము; నేడు నానక్‌రామ్‌గూడలో ఇరువదియవ అంతస్తున కూర్చున్న ఇల్లాలు వేలితో తాకినంతనే ఇన్సులిన్ సీసా గుమ్మము చేరుచున్నది. కేంద్రప్రభుత్వము 2018 ఆగస్టులో ఆన్‌లైన్ మందుల అమ్మకమునకు ముసాయిదా నియమములు ప్రకటించినది. అదే యేడు డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేకుండ ఆన్‌లైన్‌లో మందులమ్మరాదని ఉత్తర్వు చేసినది. కోవిడ్ విజృంభించిన 2020 మార్చి 26న, లైసెన్సు గల షాపులవారు ఇంటికి మందులు చేర్చవచ్చునని కేంద్రము ప్రత్యేకోత్తర్వు వెలువరించినది. 2023 ఫిబ్రవరిలో పలు ఆన్‌లైన్ సంస్థలకు డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ సంజాయిషీ నోటీసులు పంపినాడు. ముసాయిదా మాత్రము ముసాయిదాగనే మిగిలిపోయినది. ఒక తరము పిల్లలు దుకాణము గడప త్రొక్కకయే మందులు కొనుట నేర్చుకొన్నను, ఆ కొనుగోలునకు సరియైన నియమావళి వ్రాయలేకపోవుట పాలకులకు గౌరవమును తెచ్చునది కాదు.

2020 నాటి ఆ ఉత్తర్వులో ఒక షరతు నన్ను ప్రత్యేకముగ ఆకర్షించినది. షాపు ఏ రెవెన్యూ జిల్లాలో నున్నదో ఆ జిల్లా లోపలనే ఇంటికి మందు చేర్చవలెనట. చీటీ యిచ్చి ఏడు రోజులలోపల, దీర్ఘవ్యాధియైనచో ముప్పది రోజులలోపల, కొనవలెనట. హెచ్-1, ఎక్స్ షెడ్యూళ్ల మందులను, మత్తుమందుల జాబితాలోని వాటిని అసలే పంపరాదట. కాగితము మీద చక్కగనే యున్నది. కాని శ్రోతలారా, హైటెక్ సిటీ శేరిలింగంపల్లి మండలములో నుండుటచే రంగారెడ్డి జిల్లాకు చెందినది. దాని ప్రక్కనే యున్న కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు చెందినది. రెంటి నడుమ సరిహద్దు ఏ వీధిలో నున్నదో అచ్చట పుట్టి పెరిగినవాడైనను వెంటనే చెప్పలేడు. బండిమీద మందుల సంచి తగిలించుకొని పోవు డెలివరీ కుర్రవాడు కూకట్‌పల్లి షాపునుండి మాదాపూర్ అపార్ట్‌మెంటునకు పోవుచో, తనకు తెలియకయే జిల్లా దాటి నిబంధన మీరినవాడగుచున్నాడు. నియమకర్తల ఉద్దేశ్యము మంచిదే. మందును దాని చిరునామాకు దగ్గరగ కట్టివేయుట. గీత మాత్రము తప్పుచోట గీచినారు. జిల్లాకంటె చల్లదనమును గూర్చి చింతించియుండిన బాగుండెడిది. ఇన్సులిన్‌ను రెండు మొదలు ఎనిమిది డిగ్రీల నడుమ నిలువ చేయవలెను. మే నెల మిట్టమధ్యాహ్నము బయోడైవర్సిటీ కూడలిలో సిగ్నలు దగ్గర నిలిచిన బండి సంచిలో ఎన్ని డిగ్రీలుండునో ఊహించుకొనుడు. షాపులో ఫ్రిజ్ ఉన్నదా యని అడుగు చట్టము, దారిలో ఏమున్నదని ఇంకను గట్టిగ అడుగుట లేదు.

తయారీ విషయము కొత్తతరమునకు అద్దాల మేడలనుండి కనబడదు కాని, హైదరాబాదు మందుల నగరమైనది ఐటీ రాకపూర్వమే. 1961లో స్థాపించిన ఐడీపీఎల్ అను ప్రభుత్వరంగ ఔషధ సంస్థ సోవియట్ సహాయముతో బాలానగర్ దగ్గర సింథటిక్ ఔషధముల కర్మాగారమును నిర్మించి, రసాయనిక శాస్త్రమునెరిగిన యువకులకు పెద్ద బడిగ నిలిచినది. 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌ను నెలకొల్పిన కల్లం అంజిరెడ్డిగారు ఆ సంస్థలో పనిచేసినవారే. 1970 నాటి పేటెంటు చట్టము తయారీ పద్ధతికే గాని మందునకు పేటెంటు లేదనుటచే దారి తెరచుకొని, జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, బాచుపల్లి ప్రాంతములలో కర్మాగారములు వెలసినవి.

తయారీ లైసెన్సు 25, 28 ఫారములలో నుండును. స్థలము, యంత్రములు మాత్రమే చాలవు. ఫార్మసీ పట్టము పొంది పదునెనిమిది నెలల అనుభవము గలవాని, లేక రసాయనశాస్త్ర పట్టముతో మూడేండ్లు పనిచేసినవాని, ఇట్టి అర్హత గల నిపుణుని కనుసన్నలలో తయారీ జరుగవలెను. పరీక్షాశాల వేరుగ నుండవలెను. మందు చేసినవాడే అది బాగున్నదని తీర్పు చెప్పుకొనరాదు గదా. ప్రతి బ్యాచికిని ముడిసరుకు తూకము మొదలు తుదిపరీక్ష వరకు లిఖితపూర్వకమైన చరిత్ర యుండవలెను. అమ్మకమునకు గాక, పరీక్ష నిమిత్తము కొద్ది గ్రాములు తయారుచేయుటకు సైతము 29వ ఫారములో వేరు లైసెన్సున్నది. సొంత కర్మాగారము లేనివాడు పరుల కర్మాగారములో తన పేర మందు చేయించుకొనుటకు రుణలైసెన్సు అను పద్ధతి కలదు. ఇంకొకరిచే చేయించి తన లేబులు అంటించి అమ్ముకొను మార్కెటింగు కంపెనీ, మందు చెడినపుడు "మాది పేరు మాత్రమే"నని తప్పించుకొనుచుండగా, 2021 మార్చి నుండి నాణ్యతకు అతడును బాధ్యుడేయని నియమము తెచ్చిరి. చాల ఆలస్యముగ వచ్చిన న్యాయమిది.

కర్మాగారము ఎట్లుండవలెనో చెప్పు షెడ్యూలు-ఎమ్‌ను 2023 డిసెంబరులో సవరించి, 250 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలకు ఆరు నెలలు, చిన్న, మధ్యతరహా సంస్థలకు ఏడాది గడువిచ్చిరి. తరువాత దరఖాస్తు పెట్టుకొన్న చిన్నవారికి 2025 డిసెంబరు 31 వరకు పొడిగించిరి. ఖర్చు భరింపలేమని చిన్న తయారీదారులు వాపోయిరి. వారి కష్టము అబద్ధము కాదు. కాని అమెరికా ఇన్‌స్పెక్టరు వచ్చుచున్నాడన్న కబురు వినగానే గోడలకు రంగులు, రికార్డులకు దుమ్ము దులుపుటలు ఆరంభమగు పరిశ్రమలో, మన ఊరి రోగి కొరకు అంత భయము ఎందుకుండరాదని నా ప్రశ్న.

భయము లేనిచోట ఏమగునో చరిత్ర పదేపదే చూపినది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ద్రావణములో డైఎథిలీన్ గ్లైకాల్ అను విషద్రవము కలియుటచే నూరుమందికి పైగా మరణించిరి. 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో అదే విషము గ్లిజరిన్‌లో చేరి పదునలుగురిని బలిగొనగా, జస్టిస్ లెంటిన్ విచారణ జరిపినారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా ప్రాంతమున కోల్డ్‌రిఫ్ అను దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పసిబిడ్డలు మూత్రపిండములు చెడి చనిపోయిరి. తమిళనాడులో తయారైన ఆ మందు బ్యాచిలో ఆ విషమే నూటికి 48.6 పాళ్లున్నట్లు తేలినది. తెలంగాణ డీసీఏ వెంటనే ఆ మందు వాడవలదని ప్రజలను హెచ్చరించినది. గమనించుడు: ఆ కర్మాగారమునకు లైసెన్సు ఉన్నది. గోడమీద చట్రములో బహుశః మెరయుచునే యుండియుండును. లోపలికి పోయి చూడవలసిన కన్ను మూతపడినచో లైసెన్సు కాగితమే.

లైసెన్సు లేనిచోటి కథ ఇంకను ఘోరము. 2025 జూలైలో హైటెక్ సిటీకి ఆనుకొనియున్న కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఆ కల్లులో అల్‌ప్రజోలమ్ కలిసినట్లు వార్తలు వచ్చినవి. ఆ తరువాత సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో పిల్లలు చదువుకొను ఒక పాఠశాల భవనములోని గదులలో అదే అల్‌ప్రజోలమ్‌ను గుట్టుగ తయారుచేయుచుండగా మాదకద్రవ్యములను అరికట్టు 'ఈగల్' పోలీసు బృందము పట్టుకొన్నది. ఒకే రసాయనము, లైసెన్సు గల కర్మాగారములో పుట్టి, హెచ్-1 రిజిస్టరులో ఎక్కి, వైద్యుని చీటీతో వచ్చినప్పుడు నిద్రలేనివానికి మందు. చిరునామా దాచుకొని బడి గదిలో పుట్టి కల్లుకుండలో పడినప్పుడు కూలివాని ప్రాణముతీయు విషము. లైసెన్సు లేక మందు తయారుచేసినవానికిని అమ్మినవానికిని మూడు మొదలు అయిదేండ్ల వరకు జైలు. నకిలీమందుచే ప్రాణము పోయినదేని పదేండ్లకు తగ్గకుండ యావజ్జీవము వరకు శిక్షయని ఔషధ చట్టములోని 27వ సెక్షను చెప్పుచున్నది.

చట్టమును అమలు జరుపు విధానములో నాకు మిక్కిలి నచ్చినది నమూనా సేకరణ. డ్రగ్ ఇన్‌స్పెక్టరు షాపులో అనుమానము గల మందును తీసికొనునప్పుడు దాని న్యాయమైన వెలను ఇయ్యజూపవలెను. ఊరకనే ఎత్తుకొనిపోవుటకు వీలులేదు. తరువాత షాపువాని యెదుటనే ఆ మందును నాలుగు భాగములు చేసి, ముద్ర వేసి, షాపువాడు కోరినచో అతని ముద్రకు కూడ అవకాశమిచ్చి, ఒక భాగము అతనికే అప్పగించి, ఒకటి ప్రభుత్వ విశ్లేషకునికి, ఒకటి న్యాయస్థానమునకు, మరియొకటి ఆ మందు ఎవరినుండి వచ్చినదో వారికి ఉంచవలెను. అనుమానితునికి సైతము సాక్ష్యములో పాలు పంచియిచ్చు ఈ మర్యాద, చట్టము వ్రాసినవారి సంస్కారమును చాటుచున్నది.

కొనువారు చేయదగినది చాలవరకు తమ చేతిలోనే యున్నది. స్ట్రిప్పు త్రిప్పి చూడుడు. తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన నెల, గడువు తీరు నెల, గరిష్ఠ ధర యుండవలెను. ఎర్రని అక్షరములలో 'ఆర్ఎక్స్' ఉన్నదేని వైద్యుని చీటీ లేక కొనరాదు. ఎర్రని దీర్ఘచతురస్రములోని హెచ్చరికలో 'షెడ్యూలు హెచ్-1' అని ఉన్నదేని అది హెచ్-1 తరగతిది. 2023 ఆగస్టు 1 తరువాత తయారై, ప్రసిద్ధమైన మూడువందల బ్రాండ్లలో చేరిన మందులపై క్యూఆర్ కోడు ఉండును. రోజంతయు ఫోనుతో టీబిల్లు చెల్లించువారికి దానిని స్కాన్ చేయుట భారము కాదు. 2024 మార్చిలో సుద్దపొడియు పిండియు నింపిన నకిలీ యాంటీబయాటిక్కులను డీసీఏవారు ఈ రాష్ట్రములో పట్టుకొన్నప్పుడు, వాటి లేబులు మీద అచ్చువేసిన హిమాచల్ ప్రదేశ్ కంపెనీయే లేదని తేలినది. లేబులు మీది చిరునామా నిజమాయని అడుగుట అందుకే అవసరము. బిల్లు తప్పక తీసికొనుడు. బిల్లు లేనిచో ఆ మందు ఎచ్చట కొన్నారో మీరే చెప్పలేరు.

చివరగ, పెక్కుమంది యెరుగని హక్కు ఒకటి యున్నది. 26వ సెక్షను ప్రకారము, మందు కొన్న ఏ వ్యక్తియైనను నిర్ణీత రుసుము చెల్లించి, దానిని ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొని, సంతకముతో కూడిన నివేదికను పొందవచ్చును. న్యాయవాది అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. లైసెన్సు లేని అమ్మకమును గాని, అనుమానాస్పదమైన మందును గాని చూచినవారు డీసీఏ వారి ఉచిత ఫోనునకు తెలుపవచ్చును. ఆ సంఖ్య 1800-599-6969. పనిదినములలో ఉదయము పదిన్నర మొదలు సాయంత్రము అయిదు గంటల వరకు పనిచేయును.